వంకర

మా ఆఫీసు గోడకు పారిస్ పటమొకటి వేలాడేది.
పగిలిన గాజు, మూలన చెదలు.
రాజధాని హైదరాబాదుకు లేచిపోయిన రోజు
మరిచిపోయిన సామాన్లలో అదొకటని
రికార్డు రూము సుంకన్న చెప్పేవాడు.

నేను ట్రేసర్ని. ఉరుకుందప్పని.
మా శేషఫణి సారు టిఫిను డబ్బా ముందేసుకుని
ఆ పటాన్ని దేవుడి పటంలా చూసేవాడు.
"ఇక్కడంతా ఎండ దిగని సందులుండేవయ్యా.
స్కేలు పెట్టి గీసినారు, కూలగొట్టినారు.
కింద మురుగు, పైన దీపాలు,
నడిమధ్య నించి చుక్క కొసల్లా పన్నెండు రోడ్లు."

"ఆ సందుల్లో ఉన్నోళ్లు యాడికి పోయినారు సార్?"

డబ్బా మూత బిగించుకుంటా ఆయన
"పటంలో లేదు" అన్నాడు.

మా కర్నూలుకు పటం కంటే ముందు నీళ్లున్నాయి.
అటు తుంగభద్ర, ఇటు హంద్రి,
నడుమ బురుజు,
బురుజు చుట్టూ ఎవరి గోడ వాళ్లు కట్టుకున్న ఊరు.
మూడేండ్లు రాజధాని అన్నారు, గుడారాలు లేచినాయి.
పేర్లు పెట్టే తీరిక లేదు కాబోలు
ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు.
రాజధాని పోయింది,
అక్షరాలు మాత్రం ఇండ్లు కట్టుకుని ఉండిపోయినాయి.

డెబ్బై ఎనిమిదిలో మాస్టర్ ప్లాను.
ఇండ్లకు పసుపు, అంగళ్లకు నీలం, పార్కుకు పచ్చ.
హంద్రి ఒడ్డున తోళ్లు ఆరేసే చోట
నా చేత్తోనే పచ్చ పూసినా.
బ్రష్షు తడి ఆరింది గానీ
ఈ పొద్దుటికీ ఆడ గడ్డిపోచ లేదు.

పాత ఊరి నడుమ నలభై అడుగుల రోడ్డు.
సారు పెన్సిలు గీత గీసిచ్చినాడు, నూలుపోగంత నేరుగా.
సిరా పెట్టే పని నాది.
అంతకు ముందు నేల కొలవాల.
చైన్‌మన్ మద్దిలేటి గొలుసు లాగినాడు.
అది ఎవర్నీ అడక్కుండా
ఖైరూన్‌బీ వంటింట్లోకి పోయి పొయ్యి కాడ ఆగింది.

ఆమె చీర కుచ్చిళ్లెత్తి గొలుసు దాటి
"కాళ్లకు తగుల్తాది, రవ్వంత పక్కకు జరుపు నాయనా" అనింది.
ఇద్దరికీ ఉగ్గాని పెట్టింది, బజ్జీ చెరి రెండు.
తన ఇంట్లో ఆ ఇనుము ఎందుకుందో
ఆమె అడగలేదు.
తింటా ఉన్న మేమూ చెప్పలేదు.

మర్నాడు సిరా ఆ చోటికొచ్చేసరికి
స్కేలు పక్కన పెట్టి ఫ్రెంచి కర్వు తీసినా.
పారిస్ నించి మాకు దక్కింది ఆ ప్లాస్టిక్కు ముక్క ఒకటే.
వడ్లగింజంత వంపు.
కాయితం మీద గింజ,
నేల మీద పదహైదు అడుగులు.

సారు వంగి చూసినాడు.
కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు.
మళ్లీ చూడకుండా సంతకం పెట్టినాడు.

ఇప్పుడా మలుపుకు ఎన్ని కథలో!
కింద పీరు సమాధి ఉందని ఒకరు,
నవాబు సొరంగమని ఒకరు,
ఎమ్మెల్యే బామ్మర్ది ఇల్లని ఇంకొకరు.
ఉగ్గాని అని ఎవరూ అనరు.

రెండువేల తొమ్మిది అక్టోబరులో
నది స్కేలు లేకుండా వచ్చింది.
నేరునూ వంకరనూ ఒకే లెక్కలో కలుపుకుంది.
ఖైరూన్‌బీ ఇల్లు పోయింది.
ఆమె అంతకు ఆరేండ్ల ముందే పోయింది, అదే నయం.

రిటైరైనోడిని పిలిపించినారు.
బురదలోంచి పటాలు తీసి
బేతంచెర్ల బండల మీద ఒక్కొక్కటీ పరిచి ఆరేసినాం.
పసుపు, నీలం, పచ్చ,
అన్నీ ఒకే ఒండ్రు రంగు.
నా సిరా కరిగిపోయింది.
దాని అడుగున సారు పెన్సిలు గీత చెక్కు చెదరలేదు.
నూలుపోగంత నేరుగా,
పొయ్యి మీదుగా.

మొన్న ఆఫీసు నించి ఒక పిల్ల వచ్చింది, హిమశ్వేత.
ఒళ్లో కంప్యూటరు, అందులో పై నించి మా ఊరంతా.
రోడ్డు ఎనభై అడుగులు చేస్తారంట.
"తాతా, పాత కాయితంలో నేరుగా ఉంది.
నేల మీద వంకరెందుకు?"

"చెయ్యి వణికింది" అన్నా.

నా చేతుల దిక్కు చూసింది.
అవి ఇప్పుడు నిజంగానే వణుకుతున్నాయి.
"ఏ సంవత్సరం తాతా?"
"డెబ్బై ఎనిమిది."

రాసుకుంది.